టైరు మార్చాక స్పీడ్ మీటర్ తప్పు చూపిస్తోందా? ముగ్గుపిండితో మొదలుపెడదాం

ఇదిగో చూడండి, ముల్లు 60 మీద ఉంది, పక్కన ఫోన్లో జీపీఎస్ మాత్రం 55 అంటోంది. కాజ టోల్‌ప్లాజా దాటి గుంటూరు వైపు వెళ్తూ తీసిన క్లిప్పు ఇది, వెనక మా తమ్ముడు కూర్చుని తీశాడు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒకే స్పీడులో కాసేపు పోనిచ్చాం, ఎందుకంటే జీపీఎస్ కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది, గేర్లు మారుస్తూ చూస్తే లెక్క కుదరదు. నడిపేవాళ్లు ఫోను వంక చూడొద్దు, ఆ పని వెనకాలవాళ్లకి అప్పజెప్పండి.

బండి పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ముందు చక్రానికి 19 అంగుళాల రిమ్ము, 90/90-19 టైరు ఉండేవి, నేను ముచ్చటపడి 17 అంగుళాల అలాయ్ వేయించి 100/80 ఎక్కించా. ఈ మీటరుకి అసలు స్పీడు తెలీదండీ, ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అదొక్కటే తెలుసు. చక్రం దగ్గర పినియన్, అంటే చిన్న పళ్ల చక్రం, తిరిగి కేబుల్‌ని తిప్పుతుంది, కేబుల్ మీటర్లో ఉన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది, ముల్లు లేస్తుంది. చక్రం చిన్నదైంది కాబట్టి అదే దూరానికి ఎక్కువ చుట్లు. నా టైర్ల లెక్కలో తేడా సుమారు 9 శాతం. పెద్ద టైరు వేసినవాళ్లకి ఇదే రివర్సు, మీటరు తక్కువ చూపిస్తుంది, హైవే మీద స్పీడ్ గన్ మీ మీటర్ని అడిగి చలానా రాయదు కదా.

ఇంకో కామెడీ చెప్పాలి. చక్రం మార్చాక మైలేజీ 35 నుంచి 38 అయిందని నెల రోజులు అందరికీ గొప్పగా చెప్పుకున్నా. పెట్రోలు ఏమీ మిగల్లేదు, మీటర్లో కిలోమీటర్లు ఎక్కువ పడ్డాయంతే.

సరే, పనిలోకి వెళ్దాం. ముల్లు వణుకుతూ ఎగిరెగిరి పడుతుంటే అది టైరు గొడవ కాదు, కేబుల్ ఎండిపోయి ఉంటుంది లేదా ఎక్కడో మెలిక పడి ఉంటుంది, ముందు అది చూసుకోండి. ముల్లు నిలకడగా ఉండి తప్పు చూపిస్తేనే ఈ వీడియో మీకు.

ఆటోనగర్‌లో ఒక బాబాయ్ "ముల్లు పీకి కాస్త వెనక్కి పెట్టేస్తా, అయిపోద్ది" అన్నాడు. ఒప్పుకోకండి. 5 వెనక్కి పెడితే 60 దగ్గర సరిపోతుంది, కానీ బండి నిజంగా 27లో ఉన్నప్పుడు 25 కూడా చూపించదు. పైగా కిలోమీటర్ల లెక్క అలాగే తప్పుగా ఉంటుంది.

నేనైతే టైరు చుట్టుకొలత ఎక్కించుకునే డిజిటల్ మీటర్ పెట్టా. అంగుళాలు మాత్రమే అడిగే రకం కొనొద్దు, మిల్లీమీటర్లలో అడిగేది చూసుకోండి. ఇప్పుడు కొలత. ముందు గాలి సరిగ్గా పట్టించండి. టైరు మీద ఒకచోట తడి ముగ్గుపిండితో గీత పెట్టి, బండి మీద మీరే కూర్చుని, ఒకరి చేత మెల్లగా నెట్టించండి. కూర్చోకుండా కొలిస్తే టైరు నొక్కుకోదు, కొలత ఎక్కువొస్తుంది. నేల మీద మొదటి ముద్ర నుంచి నాలుగో ముద్ర దాకా, అంటే మూడు చుట్లకి, నాకు 549 సెంటీమీటర్లు వచ్చింది. మూడుతో భాగిస్తే 183, మీటర్లో 1830 కొట్టాలి. టైరు సైజుని బట్టి కాగితం మీద లెక్కేస్తే 1859 దాకా వస్తుంది, నేను మాత్రం నేల మీద పడిన ముద్రనే నమ్ముతా.

కొత్త మీటరు సెన్సర్ చుట్లు లెక్కపెట్టడానికి వాడే అయస్కాంతం ఇదిగో, ముందు చక్రం డిస్క్ బోల్టు గుంటలో అరాల్డైట్‌తో అతికించా, రాత్రంతా వదిలేశా. సెన్సర్‌ని ఫోర్కుకి బిగించి, దీనికీ దానికీ మధ్య మూడు మిల్లీమీటర్లు ఉంచా. ఒకటే అయస్కాంతం కాబట్టి మీటర్లో పల్స్, అంటే ఒక్కో చుట్టుకి అందే సిగ్నళ్లు, 1 అని పెట్టా. రెండు అయస్కాంతాలు పెట్టి ఇక్కడ 1 అని వదిలేస్తే 40లో వెళ్తూ 80 చూస్తారు, అది మాత్రం భలే ఉంటుంది. వైరుని బ్రేక్ హోసు వెంబడి కట్టి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి, లాగుతుంటే మళ్లీ కట్టాల్సిందే. మీటర్ కరెంటు వైర్లు దాంతో వచ్చిన కాగితం ప్రకారమే ఇవ్వండి, రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి.

పాత మీటర్లో ఉన్న కిలోమీటర్లు ఫోటో తీసి పెట్టుకోండి, కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది, ఆయిల్ మార్చడానికీ, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లకి చెప్పడానికీ కావాలి.

అదే రోడ్డు మీద మళ్లీ వెళ్లాం, తమ్ముడు మళ్లీ వెనకాలే. జీపీఎస్ 60 అన్నప్పుడు, ఇదిగో, మీటర్లో 60, ఒక్కోసారి 61.