టర్బో లేని రోటరీ ఇంజన్‌కు టర్బో బిగించవచ్చా? విడిభాగాలు బల్ల మీద పెట్టి చెబుతున్నాను

నమస్కారం. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ కొత్త కారుది కాదు, ఒక పనిది. టర్బో లేకుండా తయారైన మాజ్దా రోటరీ ఇంజన్‌కు బయట టర్బో కొని బిగించడం ఎంతవరకు మంచిది? రోటరీ అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటరు తిరిగే ఇంజన్. టర్బో అంటే పొగ విసురుతో తిరిగే టర్బైన్ చక్రం సాయంతో ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం. రాయగడ, పర్లాకిమిడి, జయపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్లి గ్యారేజీల్లో పనిచేస్తున్న మన తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. అక్కడ రోటరీ ఇంజన్ ఉన్న పాత మాజ్దా ఆర్ఎక్స్-8 కార్లు చవకగా దొరుకుతాయి. కారు చేతికి రాగానే టర్బో మీదకు మనసు పోతుంది. షార్జాలో ఉన్నప్పుడు ఈ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ని కాబట్టి చూసిందే చెబుతాను.

ముందు తీర్పు చెప్పేస్తాను. 1986 నుంచి 1991 వరకు వచ్చిన ఆర్ఎక్స్-7లో టర్బో లేని 13బి రకం రోటరీ ఇంజన్ ఉంటే, అది ఆరోగ్యంగా ఉంటే, తక్కువ బూస్ట్‌తో, అంటే టర్బో నొక్కే గాలి ఒత్తిడి తక్కువగా ఉంచి, నిరభ్యంతరంగా బిగించుకోండి. ఆర్ఎక్స్-8 అయితే నా చేతులతో నేను బిగించను. ఎందుకో ఈ బల్ల మీద వస్తువులు చూస్తే తెలుస్తుంది.

ఇదిగో రోటరు. మూడు ముఖాలు, మూడు కొనలు. ఒక్కో గదిలో పట్టేది 654 సీసీ. ఇలాంటి రోటర్లు రెండు కాబట్టి 1308 సీసీ అంటారు. వాల్వులు లేవు. పాత 13బిలో పొగ బయటికి పోయే రంధ్రం హౌసింగు గోడలోనే, అంటే రోటరు చుట్టూ ఉండే గుల్లలోనే ఉంటుంది. రోటరు కొన దాన్ని దాటగానే ద్వారం ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మండుతున్న వాయువు అదే విసురుతో నేరుగా బయటికి దూకుతుంది. టర్బైన్‌ను తిప్పడానికి ఇంతకంటే మంచి వాయువు దొరకదు. మాజ్దాకు ఈ సంగతి బాగా తెలుసు. 1982లోనే కాస్మో కారులో 12ఏ రోటరీకి టర్బో పెట్టి అమ్మింది. తర్వాత 13బి టర్బో, ఆ తర్వాత రెండు టర్బోల 13బి-ఆర్ఈడబ్ల్యూ వచ్చాయి. కాబట్టి రోటరీకి టర్బో పడదు అనే మాట నిజం కాదు.

ఆర్ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజన్ కథ వేరు. పొగ రంధ్రాలను హౌసింగు గోడ నుంచి తీసి పక్క ప్లేట్లలోకి మార్చారు. దానివల్ల లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే పొగ ఒకదానితో ఒకటి కలవడం పోయింది. మైలేజీ, కాలుష్యం రెండూ మెరుగయ్యాయి. 2003లో అంతర్జాతీయ ఉత్తమ ఇంజన్ పురస్కారం దానికి ఊరికే రాలేదు. కానీ టర్బో దృష్టితో చూడండి. వాయువు మలుపు తిరిగి బయటికి రావాలి. పైగా మధ్య ప్లేటులోని రంధ్రాన్ని రెండు రోటర్లూ పంచుకుంటాయి, వేడి అంతా అక్కడ పోగుపడుతుంది. కంప్రెషన్ నిష్పత్తి, అంటే గదిలోని గాలిని ఇంజన్ ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 10:1. మాజ్దా స్వయంగా టర్బో పెట్టిన 13బిలలో అది 8.5:1, తర్వాత 9:1. ఫ్యాక్టరీ వాళ్లు ఎందుకు తగ్గించారో ఒక్క క్షణం ఆలోచించండి. టర్బో ముందే నొక్కిన గాలిని ఇంజన్ మళ్లీ గట్టిగా నొక్కితే ఇంధనం తనంతట తానే పేలే ప్రమాదం పెరుగుతుంది. అలాగని రెనెసిస్ చెడ్డ ఇంజన్ అనను. టర్బో లేకుండా 9000 ఆర్‌పీఎం వరకు అది లాగే తీరు నాకు ఎంతో ఇష్టం. ఇష్టం కాబట్టే దాని జోలికి వెళ్లవద్దంటున్నాను.

ఇప్పుడు అసలు వస్తువు. దీన్ని ఎపెక్స్ సీల్ అంటారు. రోటరు కొనలో కూర్చునే సన్నని ఇనుప పట్టీ, మందం 2 మిల్లీమీటర్లు. మూడు గదుల మధ్య గోడ ఇదే. నాకింగ్ అంటే ఇంధనం సక్రమంగా మండకుండా తనంతట తానే పేలడం. పిస్టన్ ఇంజన్‌లో నాకింగ్ వస్తే టకటక శబ్దం వినిపిస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు బయటపడతాం. రోటరీలో ఆ అవకాశం చాలా తక్కువ. బూస్ట్‌లో ఉండగా గట్టిగా నాకింగ్ వస్తే ఈ పట్టీ పగులుతుంది. పగిలిన ముక్క హౌసింగును గీరుకుంటూ పొగతో పాటు బయటికి పోయి టర్బైన్ రెక్కలకు తగులుతుంది. ఈ చక్రం చూడండి, రెక్కల అంచులు వంగి, చిట్లి ఉన్నాయి. సునాబెడ హెచ్ఏఎల్ కర్మాగారంలో మిగ్ ఇంజన్ల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా షాపుకు వస్తుంటారు. ఇది చేతికిస్తే వెలుతురులో తిప్పి చూసి, "బాబూ, ఇది బేరింగు పోయి చెడింది కాదు. ముందు నుంచి ఇనుప ముక్క వచ్చి కొట్టింది" అన్నారు. రోటరీ ఇంజన్ ఎప్పుడూ విప్పని మనిషి రెక్క చూసి రోగం చెప్పారు. ఆ చేతిపని జ్ఞానానికి నమస్కరించాలి.

అందుకే టర్బో మీద పెట్టే డబ్బుకంటే నాకింగ్ రాకుండా పెట్టే డబ్బు ఎక్కువ ఉండాలి. 35 డిగ్రీల గాలిని అర బార్ బూస్ట్‌కు (సముద్రమట్టం దగ్గర మామూలు గాలి ఒత్తిడి సుమారు ఒక బార్) నొక్కితే టర్బో నుంచి దాదాపు 90 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. దాన్ని ఇంటర్‌కూలర్ చల్లార్చకపోతే నాకింగ్‌ను మనమే పిలిచినట్టు. రోటరు లోపలి వేడిని లాగేది ఇంజన్ ఆయిలే కాబట్టి ఆయిల్ కూలర్ కూడా పెద్దది కావాలి. పెద్ద ఇంజెక్టర్లు, సరిపడా పంపు, ట్యూన్ చేయగల ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటరు), వేడిని త్వరగా వదిలే చల్లని రకం స్పార్క్ ప్లగ్గులు తప్పవు. బూస్ట్‌లో గాలి, పెట్రోలు నిష్పత్తి 11:1 దగ్గర ఉంచితేనే నాకు నిద్ర పడుతుంది. మన దేశంలో ట్యూన్ చేసేవారు పెట్రోల్‌లోని 20 శాతం ఇథనాల్‌ను లెక్కలోకి తీసుకోవాలి. పూర్తిగా మండడానికి ఒక పాలు ఇంధనానికి కావలసిన గాలి మామూలు పెట్రోల్‌కు 14.7 పాళ్లు, 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20కి సుమారు 13.5 పాళ్లు. అంటే అదే గాలికి ఇంజెక్టరు మరికాస్త ఎక్కువ పోయాలి.

చాలామంది చూడకుండా వదిలేసేది వేస్ట్‌గేట్, అంటే బూస్ట్ హద్దు దాటకుండా అదనపు వాయువును టర్బైన్ పక్కనుంచి దాటించే తలుపు. రోటరీ వదిలే వాయువు అపారం. చిన్న వేస్ట్‌గేట్ అంత వాయువును పక్కకు పంపలేదు. మీరు 0.4 బార్‌కు అమర్చినా ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్ గేజి ముల్లు దానంతటదే పైకి పాకుతుంది. సైలెన్సరు గొట్టం వెడల్పు చేసిన కారులో ఇది మరీ ఎక్కువ. బూస్ట్ గేజి లేకుండా నడపవద్దు, పరిమితి దాటితే ఇంధనం ఆపేసే ఏర్పాటు ఈసీయూలో తప్పకుండా పెట్టించండి.

మా కొండల వాళ్లకు ఇంకో సంగతి. సునాబెడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. విశాఖతో పోలిస్తే అక్కడ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. సాలూరు నుంచి పొట్టంగి ఘాట్ ఎక్కేటప్పుడు టర్బో లేని బండి నీరసపడేది అందుకే. ఈ ఎత్తులో టర్బో నిజంగా వరం, దాన్ని కాదనను. కానీ గేజి చూపేది బయటి గాలి ఒత్తిడికి పైన ఉన్నది మాత్రమే, కాబట్టి సునాబెడలో గేజి 0.4 చూపిస్తే ఇంజన్‌లోకి వెళ్లే అసలు ఒత్తిడి సుమారు 1.3 బార్. అదే గేజి విశాఖలో 0.4 చూపిస్తే 1.4 బార్. కొండ మీద చల్లని గాలికి ట్యూన్ చేయించి మే నెలలో సముద్రం ఒడ్డుకు దిగితే, ఎక్కువ గాలి, అదీ వేడి గాలి. సీల్ పగిలేది అక్కడే. ట్యూనింగు కింద చేయించుకోండి, కొండ మీద సరిచూసుకోండి.

బిగించే ముందు కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో గది ఎంత ఒత్తిడి నిలుపుతుందో చూడటం. మామూలు గేజి మూడు ముఖాలలో పెద్ద సంఖ్య ఒక్కటే చూపించి మోసం చేస్తుంది. ముఖానికో రీడింగు ఇచ్చే రోటరీ టెస్టరుతోనే చూడాలి. రెనెసిస్‌కు కనీస విలువ 250 ఆర్‌పీఎం దగ్గర 680 కిలోపాస్కల్స్. మూడు ముఖాల మధ్య తేడా 150 కిలోపాస్కల్స్ దాటకూడదు. మా ఎత్తులో మంచి ఇంజన్ కూడా తక్కువ చూపిస్తుంది, దాన్ని సరిచేసి చదవాలి. సరిచేశాక కూడా తక్కువగా ఉంటే ముందు ఇంజన్ కట్టించండి, టర్బో మాట తర్వాత.

"మరి 0.4 బార్‌తో ఏం వస్తుంది అన్నా" అని నిన్న ఫోనులో ఒక తమ్ముడు అడిగాడు. ఆ ఆర్ఎక్స్-7 చివరి ఏళ్ల 13బి టర్బో లేకుండా 160 హార్స్‌పవర్ ఇచ్చేది, ఫ్యాక్టరీ టర్బోతో 200. తక్కువ బూస్ట్‌తో మనం ఆశించాల్సింది ఆ చుట్టుపక్కలే. అంతకు మించి కావాలంటే టర్బో కోసమే పుట్టిన పాత 13బి ఇంజన్ మొత్తం తెచ్చి కూర్చోబెట్టుకోవడం మేలు. దాని గేర్‌బాక్సు కూడా వెంట తెచ్చుకోండి, టర్బో లేని కారు గేర్‌బాక్సు అంత బలమైనది కాదు.

మీ ఇంజన్ సంగతి అడగాలంటే రెండు రోటర్లవీ కలిపి ఆరు రీడింగులు, పరీక్ష చేసిన ఊరి ఎత్తు, స్టార్టరు తిప్పిన వేగం రాసి పంపండి. అవి చూసి జవాబు చెబుతాను.