మ్యూజియం కట్టగానే ఊరు బాగుపడిందా?

[తెర మీద: నది ఒడ్డున మెరిసే టైటానియం రేకుల గుగ్గెన్‌హైమ్ మ్యూజియం, పైనుంచి తీసిన దృశ్యం]

స్పెయిన్‌లో బిల్బావో అని ఒక నగరం ఉంది. దాని గురించి ఎక్కడ విన్నా ఒకటే కథ. ఉక్కు ఫ్యాక్టరీలు, ఓడలు కట్టే యార్డులు మూతపడి నగరం చితికిపోయింది. 1997లో ఫ్రాంక్ గెహ్రీ డిజైన్ చేసిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరుచుకుంది. టూరిస్టులు క్యూ కట్టారు, నగరం కోలుకుంది. ఈ కథ విని మాకూ అలాంటి వింత భవనం ఒకటి కావాలని ఎన్నో నగరాలు పేరున్న ఆర్కిటెక్టుల చుట్టూ తిరిగాయి.

కథ అబద్ధం కాదు. కాకపోతే మొదటి సగం ఎగరగొట్టి చెబుతున్నారు. దెబ్బతిన్న ప్రాంతంలో సర్కారు డబ్బు పెడితే అది ఎప్పుడు అక్కడ నిలుస్తుంది, ఎప్పుడు వచ్చిన దారినే పోతుంది అనేది అర్థం కావాలంటే ఆ మొదటి సగమే చూడాలి.

[తెర మీద: 1980ల నాటి బిల్బావో. షెడ్లు, క్రేన్లు, బురద రంగు నది]

1983 ఆగస్టులో బిల్బావోని వరద ముంచెత్తింది. అప్పటికే ఉక్కు, ఓడల పరిశ్రమలు కూలిపోతున్నాయి. ఎవుస్కాల్దునా షిప్‌యార్డు మూసేస్తామంటే 1984లో కార్మికులు వీధుల్లో పోలీసులతో తలపడ్డారు. అయినా అది మూతపడింది. ఊరి నడిబొడ్డున, నదిని ఆనుకుని, పాత షెడ్లూ రైలు పట్టాలూ మిగిలాయి.

ఆ భూమి ఎవరిది? కొంత రైల్వేది, కొంత పోర్టుది, కొంత ప్రభుత్వ పరిశ్రమలది. అంటే చాలావరకు మాడ్రిడ్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. అక్కడ ఏం కట్టుకోవచ్చో చెప్పే అధికారం మాత్రం మునిసిపాలిటీది. స్థలం ఉన్నవాళ్లకు పర్మిషన్ లేదు, పర్మిషన్ ఇచ్చేవాళ్లకు స్థలం లేదు. ఇలాంటి చోట ఎవరూ చెడ్డవాళ్లు కాకపోయినా ఫైలు ఏళ్లకేళ్లు తిరుగుతూనే ఉంటుంది.

1992లో వీళ్లంతా కలిసి ‘బిల్బావో రియా 2000’ అనే సంస్థ పెట్టారు. లాభాపేక్ష లేని కంపెనీ, వాటాలన్నీ ప్రభుత్వాలవే. సగం కేంద్ర ప్రభుత్వ సంస్థలది. మిగతా సగం బిల్బావో ఉన్న బాస్క్ ప్రాంత ప్రభుత్వానిది, దాని కింద ఉండే బిస్కాయ పాలకమండలిది, అక్కడి మునిసిపాలిటీలది. ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది ఈ కంపెనీ పనిచేసిన తీరే.

[తెర మీద: బాణాల బొమ్మ. భూమి, కంపెనీ, ప్లాన్ మార్పు, అమ్మకం, మళ్లీ ఊళ్లోకి డబ్బు]

భూములున్న సంస్థలు వాటిని ఈ కంపెనీకి అప్పగిస్తాయి. మునిసిపాలిటీ ఆ భూమిని పరిశ్రమల జోన్ నుంచి ఇళ్లు, ఆఫీసుల జోన్‌లోకి మారుస్తుంది. ఆ సంతకం పడగానే రేటు పెరుగుతుంది. అప్పుడు కంపెనీ కొన్ని ప్లాట్లు ప్రైవేటు బిల్డర్లకు అమ్ముతుంది. మామూలుగా అయితే, ప్లాన్ మారుతుందని ముందే తెలిసి భూమి కొని పెట్టుకున్నవాడికి ఈ లాభం పోతుంది. ఇక్కడ వాటాదారులు కూడా దాన్ని పంచుకోలేదు. ఆ డబ్బుతోనే నది ఒడ్డున నడకదారులు, పార్కులు వేశారు, ఊరిని చీల్చుతున్న రైలు పట్టాల మీద కప్పు వేసి పైన తిరగడానికి చోటు చేశారు. అమ్ముకోవడానికి ఖరీదైన భూమి లేని పాత పేటలకు, పక్కనున్న బరకాల్డో మునిసిపాలిటీకి కూడా అందులోంచి వాటా వెళ్లింది.

మరి మ్యూజియం? అది కట్టడానికి సుమారు 10 కోట్ల డాలర్లు బాస్క్ ప్రభుత్వాలే పెట్టాయి. పేరు వాడుకున్నందుకు, నడిపించే అనుభవం కోసం న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ ఫౌండేషన్‌కు ఇంకో 2 కోట్ల డాలర్లు ఇచ్చాయి. అది తెరిచేనాటికే 1995 నుంచి మెట్రో నడుస్తోంది. మురికి కాల్వలా తయారైన నదిని శుభ్రం చేసే పని 1980ల నుంచే సాగుతోంది, దానికి అయిన ఖర్చు మ్యూజియం ఖర్చుకు ఎన్నో రెట్లు. మురుగు శుద్ధి ప్లాంటు ముందు ఎవరూ సెల్ఫీ దిగరు కదా, అందుకే కథలోకి ఎక్కలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. బాస్క్ ప్రాంతం తన పన్నులు తనే వసూలు చేసుకుని, కేంద్రానికి ఇవ్వాల్సింది లెక్కకట్టి ఇస్తుంది. కాబట్టి పెట్టిన పెట్టుబడి ఫలిస్తే పెరిగిన పన్ను వాళ్ల ఖజానాకే చేరుతుంది. ఈ అధికారం లేని నగరం బిల్బావోని కాపీ కొట్టబోతే కాపీ అయ్యేది భవనం ఒక్కటే.

ఈ పద్ధతికి బలహీనత లేదా అంటే ఉంది. భూమి రేటు పెరుగుతున్నంతకాలమే ఇది నడుస్తుంది. 2008 తర్వాత స్పెయిన్‌లో రియల్ ఎస్టేట్ పడిపోయినప్పుడు అమ్మకాలు తగ్గి ఈ కంపెనీయే అప్పుల్లో ఇరుక్కుంది.

[తెర మీద: ఇటలీ మ్యాప్, బూటు కొన దగ్గర ఎర్ర చుక్క]

ఇప్పుడు డబ్బుకు కొరత లేని చోటుకు వెళ్దాం. దక్షిణ ఇటలీని పైకి తేవడానికి అక్కడి ప్రభుత్వం 1950లో ‘కాస్సా పెర్ ఇల్ మెజోజోర్నో’ అనే నిధి పెట్టింది. మొదట్లో రోడ్లు, మంచినీళ్లు, సాగునీటి మీద ఖర్చు పెట్టారు. 1970ల మొదటిదాకా ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య తేడా నిజంగానే తగ్గింది. ఆ తర్వాత భారీ ఫ్యాక్టరీల మోజు ముదిరింది, నిధుల పంపకంలో రాజకీయాలు పెరిగాయి.

కలాబ్రియాలోని జోయా టావ్రో దగ్గర పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ పెడతామన్నారు. నారింజ, ఆలివ్ తోటలు నరికేశారు. ఫ్యాక్టరీకి సరుకు రావాలి కదా అని ఓడరేవు తవ్వారు. ఈలోగా ఉక్కు గిరాకీ పడిపోయింది, ఫ్యాక్టరీ ఆగిపోయింది. రేవు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. 1990ల మధ్యలో ఒక ప్రైవేటు కంటెయినర్ సంస్థ వచ్చాక గానీ అక్కడ కదలిక రాలేదు. ఇలాంటి కట్టడాలకు ఇటలీవాళ్లు పెట్టిన పేరు ‘ఎడారిలో కేథడ్రల్స్’. అన్నట్టు, అక్కడి పనుల్లో స్థానికులు లేకపోలేదు. ఆ ప్రాంతపు మాఫియా కాంట్రాక్టుల్లో బాగానే వేలు పెట్టింది. స్థానిక భాగస్వామ్యం అనగానే మురిసిపోకుండా, భాగస్వాములెవరు, లెక్కలు ఎవరు చూస్తారు అని అడగాల్సింది ఇందుకే.

అమెరికాలో ఇంకో రకం జరిగింది. 2017లో ఫాక్స్‌కాన్ అనే తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ విస్కాన్సిన్ రాష్ట్రంలో 1,000 కోట్ల డాలర్లు పెడతామంది, 13,000 ఉద్యోగాలంది. రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలు ఒప్పుకుంది. మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊరు అప్పు చేసి మరీ భూములు సేకరించింది, ఇళ్లు ఖాళీ చేయించింది. 2021కి ఒప్పందం తిరగరాసుకున్నారు. పెట్టుబడి 67.2 కోట్ల డాలర్లు, ఉద్యోగాలు 1,454, రాయితీ 8 కోట్లకు మించదు. ఉద్యోగాలు ఇచ్చాకే రాయితీ అని షరతు ఉండబట్టి రాష్ట్రం బయటపడింది. ఊరికి ఆ వెసులుబాటు లేదు, రోడ్లకూ పైపులకూ డబ్బు ముందే పెట్టేసింది. తర్వాత మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల కోసం అక్కడ భూములు కొంది కాబట్టి సరిపోయింది. దాన్ని ప్లాన్ అనలేం, అదృష్టం అనాలి.

టిమోతీ బార్టిక్ అనే ఆర్థికవేత్త ఇలాంటి రాయితీల మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 2018లో ఒక లెక్క తేల్చారు. రాయితీ తీసుకున్న కంపెనీల్లో, కేవలం రాయితీ వల్లే అక్కడికి వచ్చినవి 2 నుంచి 25 శాతం. మిగతావి ఇవ్వకపోయినా వచ్చేవే.

[తెర మీద: ప్రెస్టన్ పాత మార్కెట్ కప్పు, కింద దుకాణాలు]

కొత్తగా ఎవరూ రారు, కేంద్రం నుంచి పైసా అదనంగా రాదు అనుకుందాం. అప్పుడేం చేయాలి? ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ నగరానికి 2011లో ఈ టెన్షనే పట్టుకుంది. 70 కోట్ల పౌండ్ల షాపింగ్ ప్రాజెక్టు మీద ఏళ్లుగా ఆశలు పెట్టుకుంటే, అందులో ప్రధాన దుకాణం పెట్టాల్సిన జాన్ లూయిస్ అనే పెద్ద దుకాణాల సంస్థ తప్పుకోవడంతో అదంతా కుప్పకూలింది.

అప్పుడు నగర కౌన్సిల్, సీఎల్‌ఈఎస్ అనే పరిశోధనా సంస్థతో కలిసి ఒక పని చేసింది. ఎక్కడికీ తరలిపోని సంస్థలు ఊళ్లో ఏమేం ఉన్నాయో చూసింది. నగర కౌన్సిల్, కౌంటీ కౌన్సిల్, పోలీసు శాఖ, ఒక హౌసింగ్ సంస్థ, రెండు కాలేజీలు, మొత్తం ఆరు. ఇవి ఏటా కొనే సరుకులు, చేయించుకునే పనుల బిల్లులు తీసి ముందరేసుకున్నారు. 2012-13లో మొత్తం 75 కోట్ల పౌండ్లు. అందులో ప్రెస్టన్‌లో ఖర్చయింది 5 శాతం. చుట్టూ ఉన్న లాంకషైర్ కౌంటీ అంతా కలుపుకున్నా 39 శాతమే. మిగతాదంతా చిల్లికుండలో నీళ్లలా బయటికి పోతోంది.

సరే, ఇకమీదట మనవాళ్లకే ఇద్దాం అంటే కుదరదు. అప్పటి ఐరోపా టెండర్ రూల్స్ ప్రకారం అడ్రసు చూసి కాంట్రాక్టు ఇవ్వకూడదు. వాళ్లు టెండర్ రాసే పద్ధతి మార్చారు.

ఉదాహరణకు స్కూలు భోజనాల కాంట్రాక్టు. మొత్తం ఒకే టెండర్‌గా పిలిస్తే దేశమంతా నెట్‌వర్క్ ఉన్న పెద్ద కంపెనీ తప్ప ఇంకెవరూ వేయలేరు. కౌంటీ కౌన్సిల్ దాన్ని ముక్కలు చేసింది. పాలు వేరు, గుడ్లు వేరు, చీజ్ వేరు, పెరుగు వేరు, శాండ్‌విచ్‌లోకి కావాల్సినవి వేరు. ఇప్పుడు గుడ్లు మాత్రమే సరఫరా చేయగల చిన్న సంస్థ కూడా గుడ్ల టెండర్ వేయగలదు. రూలు ఎక్కడా తప్పలేదు. అక్కడి రైతుల దగ్గర కొనే స్థానిక సరఫరాదారులకే ఆ కాంట్రాక్టులు దక్కాయి. దీనికి తోడు 2012లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ సంస్థలు సేవల కాంట్రాక్టులు ఇచ్చేటప్పుడు ఆ ప్రాంతానికి జరిగే సామాజిక మేలును కూడా ఆలోచించాలని అది చెబుతుంది. రేటొక్కటే చూడనక్కర్లేదని అధికారులకు ధైర్యం వచ్చింది. ఆడిట్‌లో దొరుకుతామనే భయం ఎంత పని ఆపుతుందో ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

[తెర మీద: రెండు వరుసల అంకెలు]

2016-17కి వచ్చేసరికి ప్రెస్టన్‌లో ఖర్చు 3.8 కోట్ల పౌండ్ల నుంచి 11.1 కోట్లకు పెరిగింది. లాంకషైర్ మొత్తంలో 29.2 కోట్ల నుంచి 48.6 కోట్లకు. బడ్జెట్ కోతల వల్ల ఆ సంస్థల మొత్తం ఖర్చు తగ్గిన రోజుల్లో జరిగింది ఇది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, అది న్యాయమైనదే. ప్రెస్టన్‌కు పెరిగిన కాంట్రాక్టు ఇంకో ఊరికి తగ్గిన కాంట్రాక్టే కదా? ప్రతి ఊరూ ఇలాగే తలుపులు బిగించుకుంటే దేశానికి ఒరిగేదేమిటి? ప్రెస్టన్ లాంటి చిన్న చోట దీనికి జవాబు వెతకడం కష్టం. పెద్ద ఎత్తున, చాలాకాలం పాటు జరిగిన ప్రయోగం కావాలి.

[తెర మీద: టెనెసీ నది మీద డ్యాము, కరెంటు తీగలు]

అలాంటిది అమెరికాలో ఉంది. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం టెనెసీ వ్యాలీ అథారిటీని పెట్టింది. వరదలు ఆపడానికి, కరెంటు తీయడానికి వరసగా డ్యాములు కట్టారు. వేల కుటుంబాలు ఊళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది, ఆ లెక్క మర్చిపోకూడదు. కరెంటు తయారుచేసింది కేంద్ర సంస్థే అయినా ఇంటింటికీ పంచే పని మునిసిపాలిటీలకు, సహకార సంఘాలకు వదిలారు.

పాట్రిక్ క్లైన్, ఎన్రికో మొరెట్టి అనే ఆర్థికవేత్తలు దీని ఫలితాలను దశాబ్దాల వెంట లెక్కగట్టి 2014లో ప్రచురించారు. కేంద్రం డబ్బు వస్తున్నంతకాలం ఆ లోయలో వ్యవసాయ ఉద్యోగాలు పెరిగాయి, డబ్బు ఆగాక ఆ పెరుగుదల కరిగిపోయింది. ఫ్యాక్టరీ ఉద్యోగాలు మాత్రం డబ్బు ఆగాక కూడా పెరుగుతూనే వచ్చాయి. ఒక ఫ్యాక్టరీ ఉన్నచోటికి దానికి సరుకు ఇచ్చేవాళ్లు, పని తెలిసినవాళ్లు చేరడం వల్ల ఇంకో ఫ్యాక్టరీ వచ్చింది.

ఇక ఆ అభ్యంతరం సంగతి. వాళ్ల లెక్కలో, కరెంటు, రోడ్ల వల్ల నేరుగా పెరిగిన ఉత్పాదకత దేశం మొత్తానికి మిగిలిన లాభం. ఫ్యాక్టరీలు ఒకచోట గుమిగూడడం వల్ల వచ్చిన అదనపు లాభం మాత్రం, అవి తగ్గిపోయిన మిగతా ప్రాంతాల నష్టానికి చెల్లుకు చెల్లు అయిపోయింది.