జాకెట్ గుడ్డలు ఏ కాలమ్‌లో రాయాలి?

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా విజయవాడ సింగ్‌నగర్‌లో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. లైబ్రేరియన్ గారు నన్ను పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. పుస్తకాలు చదవండి, చాలా మంచిది. ఆ మాట అయిపోయింది కాబట్టి నా గోలకి వస్తాను. బుడమేరు వరదలో మునిగినవాళ్ల మాటల్ని వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేసి దాచే ఆర్కైవ్ పెట్టాలన్నదే ఆ గోల.

ఇవాళ నవంబర్ 19. 1977లో ఇదే రోజు దివిసీమని ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా పోయారు. అప్పటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డారు. ఆ రాత్రి తాడిచెట్టు పట్టుకుని బతికినవాళ్లలో ఎంతమంది గొంతు మన దగ్గరుంది? స్తూపాలు కట్టాం, ఏటా దండలు వేస్తున్నాం. మాటలు మాత్రం మనుషులతో పాటే పోతున్నాయి.

మన బుడమేరు వరద మాటలకి ఆ గతి పట్టకూడదు. 2024 సెప్టెంబర్ 1 మీకు నేను చెప్పాలా? బుడమేరు వాగు నీటిని కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువకి గండ్లు పడ్డాయి. అటు కృష్ణ పోటు మీదుంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇవన్నీ ఇంజనీర్ల రికార్డుల్లో భద్రంగా ఉంటాయి. మీ సందులోకి నీళ్లు ఏ వైపు నుంచి వచ్చాయి? ఒకాయన రోడ్డు మీంచి వచ్చాయంటాడు. పక్క వీధి ఆవిడ, కాదు, బాత్‌రూమ్ తూములోంచి పైకి తన్నాయంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇలాంటి వంద మాటలు, టైముతో సహా పక్కపక్కన పెడితే నీళ్లు నడిచిన దారి బయటపడుతుంది. రేపు డ్రెయిన్ కట్టేవాడికి పనికొచ్చేది అదే.

మా వెనక వీధిలో ఒక టైలరమ్మ ఉంది. వరద నష్టం సర్వేకి వచ్చిన కుర్రాడు "గ్రౌండ్ ఫ్లోరా, పైదా?" అని అడిగాడు. పరిహారం కిందైతే పాతికవేలు, పైనైతే పదివేలు. ఆవిడ కిందే, డబ్బూ వచ్చింది. కానీ ఆవిడ బాధ కుట్టు మిషన్ కాదు. శ్రావణమాసం, పెళ్లిళ్ల సీజన్. ఊరివాళ్ల జాకెట్ గుడ్డలన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఒక్కో గుడ్డకీ కొలతల చీటీ గుండుసూదితో గుచ్చింది. నీళ్లకి చీటీల్లో సిరా కరిగిపోయింది, రంగులు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఎవరి గుడ్డ ఎవరిదో తెలియదు. అడిగినవాళ్లకి ఏం చెబుతుంది? ఇంటింటికీ తిరిగి తన డబ్బుతో కట్టింది. చెప్పండి, ఇది ఏ కాలమ్‌లో రాయాలి?

ఆవిడ మాటలు రికార్డు చేస్తుంటే మా కుర్రాడు ఒకడు మధ్యలో "అమ్మా, పాయింటుకి రండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒరేయ్, పాయింటు అదేరా! అసలు ఆర్కైవ్ అంటే ఆవిడ చెప్పుకునేంతసేపు వినడమే. తిడితే తిట్లు కూడా ఉంచాలి. ఆవిడ "ఏంటయ్యా" అంటే దాన్ని "ఏమిటండీ" అని దిద్దకూడదు.

భోపాల్‌లో గ్యాస్ బాధితులు, వాళ్ల కోసం పోరాడిన కార్యకర్తలు కలిసి 2014లో సొంతంగా మ్యూజియం పెట్టుకున్నారు. బాధితుల మాటలు వాళ్ల గొంతుల్లోనే వినొచ్చు. 1984 నుంచి ముప్పై ఏళ్లు పట్టింది. మనకి అంత ఓపిక అక్కర్లేదు, జేబులో ఫోన్లున్నాయి.

ఫోన్ల సంగతి వచ్చింది కాబట్టి, దయచేసి వరద ఫొటోలు వాట్సాప్‌లో పంపకండి. అది ఫొటోని కుదించేస్తుంది, తీసిన టైము కూడా చెరిగిపోతుంది. ఫోనే తెచ్చివ్వండి, కేబుల్ పెట్టి ఒరిజినల్ ఫైలు తీసుకుంటాం. కాపీలు మూడు చోట్ల పెడతాం, అందులో ఒకటి ఈ ఊళ్లో కాకుండా ఎత్తైన చోట. నవ్వకండి, సర్వర్లు కూడా మునుగుతాయి. ఒప్పుకున్న తర్వాత కూడా "నాది తీసెయ్యండి" అంటే తీసేస్తాం. పడవకి ఎంత తీసుకున్నారో, పాల ప్యాకెట్ ఎంతకి అమ్మారో పేర్లు పెట్టి చెప్పాలని కొందరికి ఉంటుంది. చెప్పండి, రికార్డు చేస్తాం. బయటపెట్టే ముందు మాత్రం కూర్చుని మాట్లాడుకుందాం.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. తలుపు పక్కన టేబుల్ ఉంది, పేరూ వీధీ రాయించి వెళ్లండి. ఆదివారం పొద్దున మీ ఇంటికే వస్తాం. చప్పుడు పడకుండా ఫ్యాన్ ఆపుతాం, కుక్కర్ మాత్రం ముందే దించేసుకోండమ్మా.