హైస్కూల్ ప్రాజెక్టులు, స్కాలర్‌షిప్‌లు: జూన్‌లోనే ఎందుకు మొదలుపెట్టాలి

[దృశ్యం: సింగ్‌నగర్‌లో ఒక ఇంటి ముందు గోడ. రంగు మీద అడ్డంగా బురద గీత. కింద నుంచి టేపు మెల్లగా పైకి వెళ్లి ఆ గీత దగ్గర ఆగుతుంది.]

ఈ గీత చూశారా? 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మన బెజవాడ మీద పడ్డప్పుడు నీళ్లు ఇక్కడిదాకా నిలబడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఆ రోజులు ఎవరూ మర్చిపోలేదు. మా బడి పిల్లల ప్రాజెక్టు ఒకటి ఈ గీత దగ్గరే పుట్టింది. అది ఎలా పుట్టిందో చెప్తూనే, హైస్కూల్ పిల్లలకి ఏడాది పొడవునా ఏమేం ఉన్నాయి, దేనికి ఎప్పుడు కదలాలి అన్నది కూడా చెప్పేస్తాను. నేను బెజవాడలో హైస్కూల్ పిల్లలకి సైన్స్ చెప్తాను, కాబట్టి ఇవన్నీ మా స్టాఫ్ రూమ్‌లో రోజూ నడిచే మాటలే.

ముందు ఒక బాధ చెప్పుకోవాలి. ఫిబ్రవరి 28 సైన్స్ డే. 1928లో రామన్ తన కాంతి ఫలితాన్ని కనుక్కున్న రోజు. దానికి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి మన ఊళ్లో ఏ స్టేషనరీ షాపుకైనా వెళ్లి చూడండి, అమ్మలూ నాన్నలూ థర్మాకోల్ షీట్లు, గ్లిట్టర్ పెన్నులు కొనుక్కుంటూ ఉంటారు, పిల్లాడు పక్కన నిద్రకళ్లతో నిలబడి ఉంటాడు. పొద్దున్నే ఆ అగ్నిపర్వతమో, సౌర కుటుంబమో బడికి వస్తుంది. మార్కులు వేస్తాం, సాయంత్రానికి అది బీరువా మీదికెక్కుతుంది. పిల్లల తప్పేం లేదు ఇందులో. వాళ్లకి ఎవరూ టైం ఇవ్వలేదు, అంతే. ప్రాజెక్టు అంటే ఏమిటో జూన్‌లో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు.

[తెర మీద: జూన్ 12 నుంచి మార్చి దాకా క్యాలెండర్. సెప్టెంబర్ నెల ఎర్రగా వెలుగుతుంది.]

ఆ సెప్టెంబర్‌కి ఎర్ర రంగు ఎందుకు పెట్టానంటే, పిల్లలకి నిజంగా పనికొచ్చే రెండు పెద్ద అవకాశాలకి పేర్లు పంపే రోజులు ఇంచుమించు అక్కడే వచ్చి పడతాయి. మొదటిది ఇన్‌స్పైర్ మనక్. కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ పిల్లల ఆలోచనలకి ఇచ్చే అవార్డు ఇది. ఆరో తరగతి నుంచి పిల్లలు తమ సొంత ఆలోచన ఒకటి రాసి ఇవ్వచ్చు, ఒక బడి నుంచి ఐదు ఆలోచనలు పంపచ్చు. ఎంపికైతే నమూనా తయారుచేసుకోడానికి పిల్లల బ్యాంకు ఖాతాలోకే 10,000 రూపాయలు వస్తాయి. అక్కడి నుంచి జిల్లా ప్రదర్శన, రాష్ట్రం, ఆపైన జాతీయ స్థాయి. పేరు నమోదు చేయాల్సింది బడి తరఫున, మనం ఇంట్లో కూర్చుని నేరుగా అప్లై చేసేది కాదు. అందుకని మీ సైన్స్ టీచర్‌ని ఇప్పుడే వెళ్లి అడగండి, మొహమాటపడకండి. పిల్లల పేరు మీద బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు, ఈ మూడూ ఒకేలా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఒక చోట ఇంటి పేరు పూర్తిగా, ఇంకో చోట పొడి అక్షరంతో ఉండి, చివరి వారంలో ఆధార్ సెంటర్ దగ్గర లైన్లో నిలబడ్డ నాన్నల్ని నేను చాలామందిని చూశాను.

రెండోది ఎన్‌ఎంఎంఎస్, అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఇది ఎనిమిదో తరగతి వాళ్లకి పెట్టే పరీక్ష. ప్రభుత్వ, మున్సిపల్, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే రాయచ్చు. నెగ్గితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 రూపాయలు, అంటే నెలకి వెయ్యి. దేశం మొత్తం మీద ఏటా లక్ష మందికి ఇస్తారు. పరీక్షలో రెండు భాగాలు, ఒక్కోటి 90 ప్రశ్నలు. ఒకటి ఆలోచనా శక్తికి, ఇంకోటి సైన్స్, సోషల్, లెక్కలకి. మన రాష్ట్రంలో ఈ మధ్య డిసెంబర్‌లో పెడుతున్నారు. ఆలోచనా శక్తి ప్రశ్నలు, అంటే అంకెల వరుసలో తర్వాత ఏమొస్తుంది, అద్దంలో బొమ్మ ఎలా కనపడుతుంది లాంటివి, దసరా సెలవుల తర్వాత మొదలుపెడితే చాలవు. రోజుకి పది చొప్పున జూలై నుంచి చేస్తే పిల్లలకి టెన్షన్ ఉండదు, ఆటలాగా అయిపోతుంది.

ఇక శనివారాలు. 2025-26 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లో శనివారం నో బ్యాగ్ డే. దీని మూలం 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. పిల్లలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో ఎప్పుడైనా పది రోజులు సంచీ లేకుండా, ఊళ్లో వడ్రంగులూ తోటమాలులూ కుమ్మర్లూ లాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని అందులో రాసుంది. నాకు ఈ మాట చాలా ఇష్టం. మన ఊరి సంగతే చూడండి, ఇటు ఆటోనగర్‌లో లారీ చాసిస్ విప్పి మళ్లీ బిగించే మెకానిక్కులు, అటు కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చెక్కేవాళ్లు, గుంటూరులో మిర్చి చేత్తో పట్టుకుని తేమ ఎంతుందో చెప్పేవాళ్లు. ఇంతమంది గురువుల్ని చుట్టూ పెట్టుకుని శనివారం పూట పిల్లల్ని ఊరికే డ్రాయింగ్ వేయించి పంపడం నాకు మనసొప్పదు.

[దృశ్యం: మళ్లీ అదే గోడ. ఈసారి యూనిఫామ్‌లో నలుగురు పిల్లలు.]

సరే, గీత దగ్గరికి వద్దాం. ఒక శనివారం తొమ్మిదో తరగతిలో, మీ ఇంట్లో మీకు అర్థం కానిది ఒక్కటి రాయండి అన్నాను. ఎక్కువ మంది ఫోన్ ఛార్జింగ్ గురించీ దోమల గురించీ రాశారు. ఒక అమ్మాయి మాత్రం ఇలా అడిగింది: "టీచర్, వరదప్పుడు మా ఇంట్లో నీళ్లు నా గొంతు దాకా వచ్చాయి. రెండు వీధుల అవతల మా ఫ్రెండ్ వాళ్లింట్లో నడుం దాకానే. నీళ్లు ఒకటే కదా, మాకెందుకు ఎక్కువొచ్చాయి?"

నేను జవాబు చెప్పలేదు, టేపు ఇచ్చాను. ఇద్దరూ వెళ్లి ఇళ్లల్లో మరక కొలుచుకొచ్చారు. ఆ అమ్మాయి వాళ్లింట్లో నేల మీద నుంచి నాలుగు అడుగుల పది అంగుళాలు, ఫ్రెండ్ వాళ్లింట్లో రెండు అడుగుల పదకొండు అంగుళాలు. తేడా ఒక అడుగు పదకొండు అంగుళాలు. నిలబడ్డ నీరు పై మట్టం సమంగా ఉంటుంది కాబట్టి, ఆ అమ్మాయి వాళ్ల వీధి అంత పల్లంలో ఉందని క్లాసంతా తేల్చేసింది. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

ఆ లెక్క సగమే కరెక్టని బయటపెట్టింది ఆ అమ్మాయి వాళ్ల నాన్న. ఆయన తాపీ మేస్త్రీ. తర్వాతి శనివారం మా బడికి వచ్చాడు, చేతిలో చుట్టగా చుట్టిన లెవెల్ గొట్టం. గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు వాడే పారదర్శకమైన సన్న గొట్టమే. అందులో నీళ్లు నింపి, రెండు చివర్లూ ఇద్దరు పిల్లల చేతికిచ్చాడు. ఒకడు ఎత్తుగా పట్టుకున్నాడు, ఇంకొకడు కిందకి దించాడు, గొట్టం చివర్లలో నీళ్లు మాత్రం రెండు వైపులా ఒకే మట్టంలో ఆగాయి. పిల్లల మొహాలు చూడాలి! పుస్తకంలో చదివినదే, కానీ ఆ గొట్టంలో నీళ్లు ఊగి ఊగి ఒక చోట నిలబడేదాకా నలభై మంది ఊపిరి బిగబట్టి చూశారు. "గొట్టంలో బుడగ ఉంటే లెవెల్ తప్పు చూపిస్తుందమ్మా, ముందు వేలితో కొట్టి బుడగ పోగొట్టండి" అని ఆయన చెప్పిన మాట నేను బి.ఇడి.లో కూడా నేర్చుకోలేదు.

[తెర మీద: రెండు ఇళ్లు, మధ్య రోడ్డు, గోడల మీద సుద్దముక్క గీతలు.]

ఆ గొట్టంతో గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ, అక్కడి నుంచి తర్వాతి గోడకి, మళ్లీ తర్వాతి గోడకి, అలా రెండు వీధులూ దాటారు. రోడ్డు నుంచి రోడ్డుకి తేడా పదకొండు అంగుళాలే వచ్చింది. మరి మిగతా అడుగు ఏమైంది? ఫ్రెండ్ వాళ్లిల్లు అడుగు ఎత్తు బేస్‌మెంట్ ఎక్కువ వేసి కట్టారు. గడప మెట్లు లెక్కపెడితే తేలిపోయింది. పిల్లలు ఇంటి లోపలి నేల నుంచి కొలిచారు, రోడ్డు నుంచి కొలవాల్సింది. ఈ తప్పు వాళ్ల రికార్డులో కొట్టేయకుండా అలాగే ఉంచమన్నాను. ఆ పేజీ పక్కనే కొత్త కొలత, ఎందుకు మారిందో రెండు వాక్యాలు. ఏ జడ్జి వచ్చినా నేను మొదట తిప్పి చూపించే పేజీ అదే.

ఆ తర్వాత ముప్పైకి పైగా ఇళ్లల్లో కొలిచి మ్యాప్ గీశారు. ఎక్కడ పల్లం, ఎక్కడ మెరక, నీళ్లు వీధిలోకి వస్తే ముసలివాళ్లని ముందు ఏ ఇళ్ల నుంచి కదిలించాలి అన్నది రంగులతో. ఖర్చు ఎంతయ్యిందంటే, మ్యాప్ జిరాక్సులకీ రంగు పెన్సిళ్లకీ అయిందే. గొట్టం మేస్త్రీ గారిదే.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఇలాంటి సర్వే ఇన్‌స్పైర్‌కి సరిపోదు. వాళ్లు అడిగేది ఒక కొత్త వస్తువో, ఒక కష్టాన్ని తగ్గించే పద్ధతో. ఇంటర్నెట్‌లో దొరికేవీ, బజార్లో ఇప్పటికే అమ్మేవీ పక్కన పెట్టేస్తారు. మా పిల్లలు మొదట నీటి మట్టం అలారం అన్నారు. మేడ మీద ట్యాంకుకి పెట్టేదే కదా అది, వద్దన్నాను. తర్వాత మ్యాప్ ముందేసుకుని కూర్చుంటే, అన్నిటికన్నా పల్లంగా ఉన్న మూడు కరెంటు స్తంభాలకి రంగు పట్టీలు వేసి, ఏ రంగు మునిగితే ఏ వీధి వాళ్లు కదలాలో అందరికీ ముందే చెప్పి ఉంచాలన్న ఆలోచన వాళ్లకే వచ్చింది. చూడటానికి చిన్నది. కానీ అది ఆ వీధుల్లో కొలిచినవాళ్లకే తట్టే ఆలోచన.

మీది గుంటూరైతే మిర్చి ఉంది కదా. కోతలయ్యాక ఏ కళ్లంలోనైనా అడిగితే వంద గ్రాముల ఇంకా ఎండని పండు మిర్చి ఇస్తారు. రోజూ ఒకే వేళకి తూకం వేయండి. టార్పాలిన్ మీద కొన్ని, సిమెంటు గచ్చు మీద కొన్ని, వల మీద కొన్ని. ఎండే కొద్దీ బరువు ఎలా పడిపోతుందో, ఎక్కడ ఆరబెట్టినవి రంగు పోయి తాలు కాయలయ్యాయో గ్రాఫ్ గీస్తే, మిర్చి యార్డులో ఏ కమీషన్ వ్యాపారి అయినా ఆగి చూస్తాడు. సంక్రాంతి సెలవులకి సరిగ్గా సరిపోయే పని.

అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడి అయితే మీకు ఇంకా అదృష్టం. 2016 నుంచి నీతి ఆయోగ్ ఇస్తున్నది, ఒక్కో బడికి 20 లక్షల దాకా. త్రీడీ ప్రింటర్, సెన్సర్లు, సర్క్యూట్ బోర్డులు, ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా ఎవరైనా వాడచ్చు. నేను ఒక బడికి జడ్జిగా వెళ్తే అక్కడ ప్రింటర్ మీద ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. పాడైపోతే ఎవరు సమాధానం చెప్పాలని భయమట. ఆ భయం నాకు అర్థమవుతుంది, స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెట్టేది మేమే. అయినా పిల్లలూ, మీరు అడగండి. ఐదుగురు కలిసి, ఫలానా పనికి, ఫలానా రోజు, గంట సేపు అని కాగితం మీద రాసిచ్చి అడిగితే తాళం తీయకుండా ఉండలేరు.

పెద్దవాళ్లకి ఒక మాట. మన ఊళ్లో ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు, ర్యాంకులు. ప్రాజెక్టు అనగానే చదువు పాడవుతుందని భయపడతారు. పదో తరగతిలో డిసెంబర్ తర్వాత నేనూ ప్రాజెక్టులు వద్దంటాను, అప్పుడిక పరీక్షలే. కానీ ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో శనివారం రెండు గంటలు ఇవ్వండి. గొట్టం పట్టుకున్న పిల్లలకి ద్రవ పీడనం పాఠం నేను రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంకొకటి, ప్రాజెక్టు మీరు చేసిపెట్టకండి. గీత వంకరగా ఉన్నా వాళ్లనే గీయనివ్వండి.

[దృశ్యం: అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్. మధ్యలో ఒక పేజీకి ఎర్ర సిరాతో ప్రశ్న గుర్తు.]

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతికి వచ్చింది, నోట్‌బుక్ ఎనిమిదో తరగతి పిల్లలకి అప్పజెప్పింది. అందులో తేలని లెక్క ఒకటుంది. కాలవ పక్క వీధిలో ఒక గోడ మీద మరక, లెక్క ప్రకారం ఉండాల్సిన దానికన్నా నాలుగు అంగుళాలు పైకి ఉంది. నీళ్లు అక్కడ పారుతూ ఎగదన్నాయని కొందరు, కొలతే తప్పని కొందరు. ఆ ఇంటివాళ్లు దసరాకి రంగులు వేయిస్తారట. అందుకని ఈ శనివారం పొద్దున్నే గొట్టం, టేపు, సుద్దముక్కలు తీసుకుని అక్కడికే వెళ్తున్నాం.