ముందు ఆ కాగితం చూపించారా?

అందరికీ నమస్కారం. ఉద్యోగుల మీద వచ్చిన ఆరోపణలు విచారించే విచారణాధికారిగా నియమిస్తూ వచ్చిన ఉత్తర్వు మీలో చాలామందికి ఇదే మొదటిదని విన్నాను. ఉన్న పనే తెమలట్లేదు, ఇదెక్కడి తద్దినం అని ఉంటుంది మీకు. నాకూ అలాగే అనిపించింది.

నా చేతికొచ్చిన తొలి ఫైలు ఒక జూనియర్ అసిస్టెంటుది. ఛార్జిమెమో, అంటే ఆరోపణల పత్రం ఉంది, దాని మీద అతని సంజాయిషీ ఉంది. ఆ వెనకే గుండుసూదితో గుచ్చిన ఇంకో కాగితం: అతన్ని ఉద్యోగం నుంచి తీసేసే డిస్మిసల్ ఉత్తర్వు చిత్తుప్రతి. తేదీ ఒక్కటే ఖాళీ. పెళ్లయ్యాక జాతకాలు చూడమని పిలిచినట్టుంది నా పరిస్థితి.

రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం ప్రభుత్వోద్యోగిని తీసేయాలన్నా, హోదా తగ్గించాలన్నా ముందు ఆరోపణ ఏమిటో చెప్పాలి, అతని మాట వినాలి. మన 1991 సీసీఏ రూల్స్‌లో, అంటే ఉద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీళ్ల నియమాల్లో, 20వ రూలు దాన్నే విడమరిచింది. మినహాయింపులున్నాయి, ఇవాళ వాటి జోలికి వెళ్లను.

1976లో 42వ సవరణతో, ఫలానా శిక్ష వేయబోతున్నామంటూ ఇచ్చే రెండో నోటీసు పోయింది. దాంతోపాటు ఉద్యోగికి విచారణ నివేదిక ఇవ్వడం కూడా పోయిందనుకున్నారు చాలామంది. కాదని తేల్చింది మన హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కేసులో 1993 నాటి సుప్రీంకోర్టు తీర్పు. విచారణ వేరే అధికారి చేస్తే, తప్పు జరిగిందో లేదో పైఅధికారి తేల్చకముందే నివేదిక నకలు ఉద్యోగికి అందాలి. మీరు రాసిన దాంట్లో పొరపాటుంటే చెప్పుకునేది అప్పుడే కదా. అలాగని నకలివ్వలేదనగానే కోర్టులు శిక్షను కొట్టేయవు. దానివల్ల ఉద్యోగికి నష్టం జరిగిందా అని చూస్తారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కోలార్ బంగారు గనుల కేసు. 1985లో అక్కడి భద్రతాధికారిని సస్పెండ్ చేశారు. విచారణ కోలార్‌లో. ఆయనేమో కేరళలో సొంతూళ్లో ఉన్నాడు, ఒంట్లో బాగాలేదు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఇవ్వాల్సిన జీవనభృతి, అదే సబ్సిస్టెన్స్ అలవెన్స్, ఇవ్వలేదు. ప్రయాణానికి డబ్బులేక రాలేకపోయాడు. 'హాజరు కాలేదు' అని రాసుకుని ఎక్స్‌పార్టీగా, అంటే ఆయన లేకుండానే, విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. అవే సాక్ష్యాలపై నడిచిన క్రిమినల్ కేసును కోర్టు కొట్టేసింది. అయినా ఆయనకు న్యాయం దక్కింది 1999లో, సుప్రీంకోర్టులో. పధ్నాలుగేళ్లు! చేతిలో పైసా లేకుండా చేసి విచారణకు రమ్మనడం అవకాశమివ్వడం ఎలా అవుతుంది?

అప్పట్నుంచి మొదటి వాయిదాలో నా తొలి ప్రశ్న ఒకటే: "అలవెన్స్ అందుతోందా?" జవాబు ఆ రోజు నమోదులో రాసి, ఉద్యోగి చేత సంతకం పెట్టించేవాణ్ని. అందట్లేదంటే వాయిదా వేసి పైవాళ్లకు లేఖ. దీనికి చీవాట్లు కూడా తిన్నాను లెండి.

ఆ జూనియర్ అసిస్టెంటు ఫైల్లోని చిత్తుప్రతికి కూడా పేజీ నంబరు వేసి, నివేదికలో దాని ప్రస్తావన తెచ్చాను. సరే, మీ ముందున్న నమూనా ఛార్జిమెమో తీయండి. రెండో పేరాలో 'దుష్ప్రవర్తనకు పాల్పడ్డారు' అని ఉంది చూశారా? అక్కణ్నుంచి మొదలుపెడదాం.