ప్లకార్డు పట్టుకుంటే ఉద్యోగం పోతుందా? పట్టుకుంటే ఏమైనా వస్తుందా?

నమస్తే. ఈ వీడియో కాస్త కోపంగానే చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా. ఎవరో కుర్ర ప్రభుత్వోద్యోగి ఆఫీసు ముందు ప్లకార్డు పట్టుకుని కూర్చున్నాడని వార్త రావడం ఆలస్యం, రెండు మాటలు తయారు. "గవర్నమెంటు ఉద్యోగికి నిరసన తెలిపే హక్కే లేదు, రేపే ఊడబీకుతారు" అని ఒకటి. "అయినా కూర్చుని ఏం సాధించాడు?" అని రెండోది. మొదటి మాట తప్పు. రెండోది అడగాల్సిన తీరులో అడగడం లేదు.

మనకు ఒక మనిషి కావాలి. 2022 జనవరి అనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక గ్రామ సచివాలయం, అందులో ఇంజినీరింగ్ అసిస్టెంట్. పేరెందుకు, 'మన కుర్రాడు' అందాం. 2019 అక్టోబరు 2న చేరాడు. నెలకు 15 వేలు. రెండేళ్ల ప్రొబేషన్, అంటే పరీక్షా కాలం అన్నారు. రెండేళ్లు అక్టోబరులోనే దాటాయి, అది పూర్తయిందనే డిక్లరేషన్ రాలేదు, రెగ్యులర్ జీతం స్కేలు రాలేదు. సోమవారం పొద్దున ఎంపీడీవో (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ఆఫీసు గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "మా ప్రొబేషన్ ఎప్పుడు డిక్లేర్ చేస్తారు?" అని రాసి పట్టుకున్నాడు. ఇంకో ముఖ్యమైన సంగతి: ముందే సెలవు చీటీ ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకున్నాడు. ఈ కుర్చీ, అట్టముక్క, సెలవు చీటీ గుర్తుపెట్టుకోండి.

ముందు కుర్చీ సంగతి. బీహార్ ప్రభుత్వం తన ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో ఒక రూలు పెట్టింది: సర్వీసు షరతుల విషయంలో ఎలాంటి ప్రదర్శనలూ చేయకూడదు, సమ్మె కూడా చేయకూడదు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1962లో, కామేశ్వర్ ప్రసాద్ కేసులో, కోర్టు ఆ రూలును రెండుగా చీల్చింది. ప్రదర్శనలన్నిటినీ గంపగుత్తగా నిషేధించిన ముక్క చెల్లదంది. సమ్మెను నిషేధించిన ముక్కను అలాగే ఉంచింది. శాంతియుత ప్రదర్శన కూడా భావ ప్రకటనే, ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవు అన్నది దాని సారాంశం. అరవై ఏళ్లు దాటింది ఈ తీర్పు వచ్చి. ఇంకా "హక్కే లేదు" అంటుంటే నాకు మండుతుంది.

అంటే మన కుర్రాడి కుర్చీ గేటు బయట ఉన్నంతసేపు అది ప్రదర్శన. అదే కుర్చీని లోపల తన సీటు దగ్గర వేసుకుని, పని మీద వచ్చిన వాళ్లతో "ఈరోజు చెయ్యం, వెళ్లండి" అన్నాడనుకోండి, సమ్మె. కుర్చీ అదే, మనిషి అదే, చట్టం దృష్టిలో రెండు వేరు వేరు పనులు. ఇక్కడే సెలవు చీటీ పనికొస్తుంది. చీటీ లేకపోతే గేటు బయట కూర్చున్నా "విధులకు గైర్హాజరు" అని రాసేయొచ్చు. నిరసన గురించి ఒక్క ముక్క కూడా రాయనక్కర్లేదు.

సమ్మె సంగతి ఎంత దూరం వెళ్తుందో తమిళనాడు చూసింది. 2003 జులైలో సమ్మెకు దిగిన దాదాపు లక్షా డెబ్భై వేల మందిని ఒక్క దెబ్బతో డిస్మిస్ చేశారు. దానిమీద వెళ్లిన రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే హక్కు ఏ రకంగానూ లేదని తేల్చి చెప్పింది. అయినా ఎక్కువమందిని క్షమాపణ రాయించుకుని వెనక్కి తీసుకున్నారు. లక్షన్నర మందిని తీసేస్తే రేపు ఆఫీసు తాళం ఎవరు తీస్తారు? ఈ లెక్క ఉద్యోగులకూ తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు. తెలియనిది ఒంటరిగా కూర్చున్న మన కుర్రాడికే.

ఇప్పుడు అట్టముక్క. ప్రవర్తనా నియమావళిలో ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించకూడదనే నిబంధన ఉంటుంది. "మా ప్రొబేషన్ ఎప్పుడు?" అన్నది సర్వీసు సమస్య. "ఇది దగాకోరు ప్రభుత్వం" అన్నది విమర్శ. కడుపుమంటలో రెండోదే బాగుంటుంది, ఫొటోకు కూడా బాగుంటుంది. కానీ మెమో రాసే సూపరింటెండెంటుకు పని సులువు చేసిపెట్టేది కూడా అదే.

సరే, మెమో వచ్చింది. "మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో సంజాయిషీ ఇవ్వండి." చాలా కథలు ఇక్కడే ముగుస్తాయి, కుర్రాడు ఒక పేజీ రాసిస్తాడు, ఫైలు అటకెక్కుతుంది. ముదిరితే సస్పెన్షన్. సస్పెన్షన్ అంటే ఉద్యోగం పోవడం అనుకునేవాళ్లు చాలామంది. ఉద్యోగం పోలేదు, పని ఆపారు, అంతే. సగం జీతం సెలవులో వచ్చేంత మొత్తం జీవనభృతిగా వస్తుంది. అదీ ఊరికే రాదు. "నేను వేరే ఉద్యోగం గానీ వ్యాపారం గానీ చేయడం లేదు" అని కాగితం రాసివ్వాలి. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్ వదిలి వెళ్లకూడదని ఆర్డరులోనే ఉంటుంది. పని లేదు, ఊరు దాటకూడదు, ఇంట్లో అమ్మానాన్నల ముందు రోజంతా కూర్చోవాలి. శిక్ష అని దీన్ని చట్టం అనదు. అనుభవించినవాళ్లను అడగండి. ఛార్జ్ మెమో (అభియోగాల పత్రం) ఇవ్వకుండా మూడు నెలలకు మించి సస్పెన్షన్ సాగదీయకూడదని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఆఫీసుల దాకా చేరడం వేరే సంగతి.

పూర్తిగా తీసేయాలంటే రాజ్యాంగం 311వ అధికరణ అడ్డం వస్తుంది. అభియోగాలు చెప్పాలి, విచారణ జరపాలి, అతని మాట వినాలి. మినహాయింపులు ఉన్నాయి, అవి అరుదు. కానీ మన కుర్రాడు ప్రొబేషన్‌లో ఉన్నాడు కదా! చిక్కంతా అక్కడే. ప్రొబేషనర్‌ను "పనితీరు సంతృప్తికరంగా లేదు" అని మామూలు ఉత్తర్వుతో పంపేయొచ్చు. అది నిజానికి శిక్షే అని నిరూపించగలిగితే కోర్టు కొట్టేస్తుంది, కానీ నిరూపించాల్సింది కుర్రాడు, హైకోర్టుకు తిరగాల్సింది కుర్రాడు. ప్రొబేషన్ ఎప్పుడు అని అడిగినందుకు వచ్చే ముప్పు, ఆ ప్రొబేషన్ పూర్తి కాకపోవడం వల్లే పెద్దదవుతుంది. చూశారా తమాషా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏం సాధించాడు?

2022 జనవరిలో నిజంగా జరిగింది చూడండి. 7వ తేదీన, జూన్ 30 నాటికి ప్రొబేషన్ ఖరారు చేసి, జులై నుంచి కొత్త జీతం ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అక్టోబరులోనే రావాల్సింది కదా అని సచివాలయ ఉద్యోగులు భగ్గుమన్నారు. విధులు మానేశారు. అధికారిక వాట్సాప్ గ్రూపుల నుంచి వరసపెట్టి బయటికొచ్చారు. నాకు భలే నచ్చిన నిరసన ఇది. తెల్లారి లేస్తే టార్గెట్లు, రిపోర్టులు అన్నీ ఆ గ్రూపుల్లోనే కదా. "లెఫ్ట్", "లెఫ్ట్", "లెఫ్ట్" అని స్క్రీన్ నిండా పడుతుంటే అటువైపు అధికారికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి!

ఫలితం? తేదీ ఒక్కరోజు కూడా ముందుకు జరగలేదు. కాకపోతే జూన్‌లో మాత్రం ఇచ్చిన మాట నిలబడింది. అంత గొడవ జరిగాక ఆ తేదీని మళ్లీ జరపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదని నా అభిప్రాయం. నిరూపించలేను.

అదే కాలంలో పీఆర్సీ, అంటే ఉద్యోగుల జీతాల సవరణ గొడవ. ఫిబ్రవరి 3న ఛలో విజయవాడ, బీఆర్‌టీఎస్ రోడ్డు కిక్కిరిసిపోయింది. రెండు రోజుల్లో ఒప్పందం కుదిరింది. ఇంటి అద్దె భత్యం స్లాబులు మారాయి, అంతకుముందు ఇచ్చిన ఐఆర్ (మధ్యంతర భృతి) వెనక్కి వసూలు చేయడం ఆగింది. అసలు కోపం దేనిమీదో, ఆ 23 శాతం ఫిట్‌మెంట్ (జీతం పెంపు శాతం) మాత్రం 23 దగ్గరే ఉంది. ఉపాధ్యాయ సంఘాలు ఇదేం ఒప్పందమని తిట్టిపోశాయి. నిరసనతో వచ్చేవి ఎక్కువగా ఇలాగే ఉంటాయి. పెద్ద డిమాండ్ పక్కన ఉన్న చిన్నవి, ఎవరో ఒకరు రేపు సంతకం పెట్టేయగలిగినవి. "ఏం సాధించాడు" అని అడిగేవాళ్లు పెద్ద డిమాండ్ వైపే చూస్తారు కాబట్టి వాళ్లకు ఎప్పుడూ సున్నాయే కనిపిస్తుంది.

తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శులు గుర్తున్నారా? 2023 ఏప్రిల్ చివర్లో క్రమబద్ధీకరణ కోసం సమ్మెకు దిగారు. ఫలానా రోజు సాయంత్రంలోగా చేరకపోతే తొలగిస్తామని నోటీసు. సమ్మె విరమించారు. అందరూ "అయిపోయింది, ఓడిపోయారు" అన్నారు. అదే మే నెలలో క్రమబద్ధీకరణకు నిర్ణయం వచ్చేసింది. ఎన్నికల ఏడాది అన్న సంగతి మరిచిపోకండి, తేదీ ఎంచుకోవడం కూడా నిరసనలో భాగమే.

ఇవన్నీ గుంపులు. ఒంటరి మనిషి సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే డాక్టర్ ఒకాయన మాస్కులు లేవని మీడియా ముందు మాట్లాడారు. సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసుల సమక్షంలో ఆయన చేతులు వెనక్కి కట్టేసిన వీడియో మనందరం చూశాం. హైకోర్టు ఆ ఘటన దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఏడాది తర్వాత ఆయన చనిపోయారు. మాస్కుల మాట బయటికి వచ్చింది, నిజమే. దాని ఖరీదు ఆయన ఒక్కరే కట్టారు. మన కుర్రాడి కుర్చీ పక్కన ఇంకో పది కుర్చీలు పడతాయా లేదా అన్నది అందుకే అట్టముక్క మీద ఏం రాశాడన్న దానికంటే ముఖ్యం.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం) గురించి అడుగుతున్నారు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లందరిదీ అదే బాధ, దానికి విడిగా వీడియో చేయాలి. సోషల్ మీడియా పోస్టుల విషయంలో 2020లో త్రిపుర హైకోర్టు ఉద్యోగి వైపు మాట్లాడింది, కానీ ప్రవర్తనా నియమాలు దాటకూడదనీ అంది. దాన్ని చూసుకుని రెచ్చిపోకండి. అవుట్‌సోర్సింగ్ వాళ్లకు 311 రక్షణ లేదు, ఏజెన్సీకి ఒక్క ఫోను చాలు. కాబట్టి వాళ్లను తీసుకెళ్లి ముందు వరసలో నిలబెట్టకండి, దయచేసి.

చివరిగా, మెమో వస్తే భయపడి తీసుకోకుండా తప్పించుకోవద్దు, తలుపుకు అంటించి "అందజేశాం" అని రాసుకుంటారు. తీసుకోండి, తేదీ వేసి సంతకం పెట్టండి. గడువులోగా జవాబివ్వండి. అందులో ఉపన్యాసాలు వద్దు. ఆరోజు సెలవులో ఉన్నాను, గేటు బయట ఉన్నాను, ఎవరి పనీ ఆపలేదు, ఈ మూడు రాసి సెలవు చీటీ నకలు జత చేయండి. ఇచ్చినట్టు ఇన్వర్డు నంబరు వేయించుకోవడం మర్చిపోకండి.