అతి పెద్ద డైనోసార్ ఏదో ఎముకే చెప్పాలి

నమస్కారం. డైనోసార్లలో అన్నింటికన్నా పెద్దది ఏది అన్న ప్రశ్నకు జవాబు వెతికే ముందు ఒక తొడ ఎముకను చూద్దాం. అర్జెంటీనాలోని చుబుత్ రాష్ట్రంలో 2013 నుంచి 2015 వరకు సాగిన తవ్వకాల్లో బయటపడిన పటగోటైటన్ అనే డైనోసార్ తొడ ఎముక ఇది. దీని పొడవు 2.38 మీటర్లు. ఆరడుగుల మనిషి పక్కన నిలబెడితే అతని తలను దాటి మూరెడుకు పైగా పైకి పోతుంది.

నాలుగు కాళ్ల జంతువు బరువంతా మోసేది కాలి ఎముకలే కాబట్టి, తొడ ఎముక, ముంగాలి పై ఎముక నడిమి భాగం చుట్టుకొలతను బట్టి శాస్త్రవేత్తలు దాని బరువును లెక్కకడతారు. 2017లో పేరు పెట్టినప్పుడు పటగోటైటన్ బరువు 69 టన్నులన్నారు. తర్వాత శరీర ఘనపరిమాణాన్ని బట్టి చూసినప్పుడు అది 57 టన్నుల దగ్గరికి దిగింది. పొడవు మాత్రం దాదాపు 37 మీటర్లు. న్యూయార్క్ మ్యూజియంలో నిలిపిన నమూనా గదిలో పట్టక తల గుమ్మం బయటికి వచ్చింది.

దీనికి గట్టి పోటీ అర్జెంటీనోసారస్. 1987లో ఒక రైతు తన పొలంలో దాని కాలి ఎముకను చూసి, రాయిగా మారిన చెట్టు మొద్దు అనుకున్నాడు. దాని వెన్నుపూస ఒక్కటే 1.59 మీటర్ల ఎత్తుంది. అయితే దొరికిన ఎముకలు కొన్నే. పటగోటైటన్‌కు కనీసం ఆరు జంతువుల ఎముకలున్నాయి కనుక నేను దాని లెక్కనే ఎక్కువగా నమ్ముతాను.

ఎత్తు సంగతి వేరు. ముంగాళ్లు వెనక కాళ్లకన్నా పొడవుగా ఉండి, భుజాల నుంచే మెడ పైకి లేచే జిరాఫటైటన్ అస్థిపంజరం బెర్లిన్ మ్యూజియంలో 13.27 మీటర్ల ఎత్తున, అంటే నాలుగంతస్తుల మేడంత ఎత్తున నిలబడి ఉంది. దాని ఎముకలు టాంజానియాలోని టెండగురు గుట్టవి. 1909 నుంచి 1913 వరకు అక్కడి కూలీలు వాటిని తవ్వి, నెత్తిన పెట్టుకుని, రోజుల తరబడి నడిచి లిండి రేవుకు చేర్చారు. ఆ అస్థిపంజరం ముందు నిలబడేవారు ఆ కూలీలనూ తలచుకోవాలని నా కోరిక.

మన దేశానికీ ఈ పోటీలో చోటుంది. తమిళనాడులోని అరియలూరు ప్రాంతంలో దొరికిన ఎముకలకు 1980ల చివర భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన యాదగిరి, అయ్యస్వామి 'బృహత్కాయోసారస్' అని పేరు పెట్టారు. మోకాలి కింది ఎముక 2 మీటర్లన్నారు, అర్జెంటీనోసారస్‌ది 1.55 మీటర్లే. కానీ ఆ ఎముకలు అప్పటికే శిథిలావస్థలో ఉండి, తరలించడానికి చుట్టిన ప్లాస్టర్ కట్టులోనే పొడిగా రాలిపోయాయి. ఇప్పుడు మిగిలినవి బొమ్మలు, పాత ఫోటోలు. వాటి ఆధారంగా కొందరు 100 టన్నులకు పైగా అంచనా కట్టినా, కొలవడానికి ఎముక లేనప్పుడు దాన్ని మొదటి స్థానంలో నిలపడం న్యాయం కాదు. చెప్పడానికి బాధగా ఉన్నా అదే నిజం.

అదే యాదగిరి 1988లో వర్ణించిన కోటసారస్ ఎముకలు మాత్రం నిలిచాయి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ జంతువు పొడవు 9 మీటర్లే. దాని అస్థిపంజరం హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. వెళ్లినప్పుడు ముందుగా దాని తొడ ఎముక పక్కన నిలబడి మీ ఎత్తుతో పోల్చుకోండి.